ఆ చెట్టును చూసిందెవరు?

మ్యాట్ మీద మాటలు: పాఠకుల ప్రశ్నలకు ఒక రిటైర్డ్ పీఈటీ జవాబులు

పోయిన నెలంతా మోకాళ్ళ నొప్పుల మీదే ఉత్తరాలు. ఈ నెల ఏమైందో ఏమో, అందరూ కట్టగట్టుకుని జపాన్ మీద పడ్డారు. మొదటి ఉత్తరం ఒక్కటే నాలుగు పేజీలుంది. అందులో మరిది గారి మీద ఫిర్యాదులు తీసేసి, ప్రశ్న వరకు ఇస్తున్నా.

ప్రశ్న: మా వాడు ఏడో తరగతి. సాయంత్రాలు జూడో క్లాసుకు పోతున్నాడు. పూర్వం జపాన్‌లో ఒక డాక్టరు మంచులో విల్లో చెట్టును చూసి, జూడోకు మూలమైన జుజుత్సు అనే కుస్తీ విద్యను కనిపెట్టాడని అక్కడి మాస్టారు చెప్పారట. వీడు స్కూలు ప్రాజెక్టులో అదే రాసుకున్నాడు. మా మరిది ఫోన్‌లో ఏదో వీడియో చూసి, ‘డాక్టరు కాదు, ఇసో అనే ఆయన, చూసింది క్యోటోలో, అంతకుముందు వంద మందిని కొట్టాడు’ అన్నాడు. వాడు ఏడుపు, వీడు వాదన. సోమవారం ప్రాజెక్టు ఇవ్వాలి. ఇంతకీ చెట్టును చూసిందెవరు సార్?
(ఒక తల్లి, కొర్లగుంట, తిరుపతి)

జవాబు: అమ్మా, మీ ఉత్తరం నా చేతికి వచ్చేసరికే ఆ సోమవారం దాటిపోయింది. మార్కులు తగ్గించి ఉంటే ఈ పేజీ తీసుకెళ్ళి వాళ్ళ సార్‌కు చూపించమనండి. మీ వాడు రాసిన చెట్టూ ఉంది, మీ మరిది చెప్పిన చెట్టూ ఉంది. మనుషులు ఇద్దరు, చెట్లు రెండు. ఇద్దరికీ మధ్య నూరేళ్ళకు పైనే తేడా. ఇద్దరూ తప్పు చెప్పింది ఒక్క చోటే: వాళ్ళలో ఎవరూ జుజుత్సును కనిపెట్టలేదు. ఎవరి బాణీ వాళ్ళు పెట్టుకున్నారు. నాదస్వరం వాళ్ళలో ఫలానా వారి బాణీ అంటామే, అలాంటి దాన్ని జపాన్ వాళ్ళు ‘ర్యూ’ అంటారు.

మీ వాడి డాక్టరు పేరు అకియామా షిరోబెయి యోషితోకి. నాగసాకి వైద్యుడు, 17వ శతాబ్దపు మనిషి. వైద్యం నేర్చుకుందామని చైనా వెళ్ళి, అక్కడ మూడు పట్లు, స్పృహ తప్పినవాడిని లేపే పద్ధతులు 28 నేర్చుకుని వచ్చాడని ఆ బాణీ వాళ్ళు రాసి పెట్టుకున్న పత్రాలు చెబుతాయి. పట్లు మూడే, లేపే పద్ధతులు 28. డాక్టరు కదా, లెక్క సరిపోయింది. తిరిగొచ్చి ఆ మూడు పట్లే నేర్పడం మొదలుపెట్టాడు. శిష్యులకు విసుగొచ్చింది. ఒకరి వెనక ఒకరు మానేశారు.

ఆయన దజైఫు అనే ఊళ్ళోని తెన్‌జిన్ గుడికి పోయి 100 రోజుల దీక్ష పట్టాడు. ఆ రోజుల్లో మంచు తుఫాను వచ్చింది. మంచు అంటే మనకు ధనుర్మాసంలో తెల్లవారుజామున పొగలా కమ్ముకునేదే గుర్తొస్తుంది. అది కాదు. అక్కడ కొమ్మ మీద పేరుకుపోయి బరువెక్కే మంచు. బిగుసుకుని నిలబడ్డ చెట్ల కొమ్మలు ఆ బరువుకు ఫెళఫెళా విరిగాయి. విల్లో చెట్టు కొమ్మలు మాత్రం కిందికి వంగి, మంచును జారవిడిచి, మళ్ళీ పైకి లేచాయి. చూసి ఇంటికొచ్చి ఆ మూడు పట్లను 303 చేశాడట. ఆ బాణీ పేరు యోషిన్ ర్యూ. ‘యో’ అంటే ఆ విల్లో చెట్టే, ‘షిన్’ అంటే మనసు.

విల్లో ఎలా ఉంటుందని మీ వాడు అడిగితే క్రికెట్ బ్యాటు చూపించకండి. బ్యాటు కూడా విల్లో కర్రతోనే చేస్తారు గానీ, అది చూపిస్తే ఇంత గట్టిది ఎలా వంగిందంటాడు. సన్నటి కొమ్మలు జడల్లా నేల దాకా వేలాడే రకం అది. మన దగ్గర పోలిక చెప్పాలంటే వెదురే. 2021 నవంబరు వానలు గుర్తున్నాయి కదా, తిరుపతి సగం నీళ్ళలో ఉంది. మా వీధిలో నిలువెత్తు నిద్రగన్నేరు చెట్టు కరెంటు తీగల మీద పడింది. పక్క ఖాళీ స్థలంలో వెదురు పొద తెల్లారేసరికి తల దులుపుకుని నిలబడింది.

ఇక మీ మరిది చెప్పిన ఆయన. పూర్తి పేరు ఇసో మతాఎమోన్ మసతారి. పుట్టింది ఇసే ప్రాంతంలోని మత్సుసాకాలో. అప్పటి పేరు ఒకాయామా హచిరోజి. ఇసో అన్న పేరు తర్వాత వచ్చింది. కుర్రతనంలోనే క్యోటో పోయి, హితోత్సుయనాగి ఒరిబే అనే గురువు దగ్గర యోషిన్ ర్యూ నేర్చుకున్నాడు. అంటే మీ వాడి డాక్టరు బాణీయే. ఆ గురువు చనిపోతే హోమ్మా జోఎమోన్ దగ్గర చేరి ఇంకో ఆరేళ్ళు ‘షిన్ నో షింతో ర్యూ’ అనే రెండో బాణీ సాధన చేశాడు. ఆ రెండోది పెట్టినాయన ఒసాకా కోటలో ఉద్యోగి, ఆయనా మొదట యోషిన్ ర్యూ నేర్చుకున్నవాడే. ఒక చెరువు నీళ్ళే రెండు కాలువల్లో పారినట్టు. ఇసో ఆ రెండు కాలువల్లోనూ మునిగి తేలినవాడు.

తర్వాత దేశం మీద పడి తిరిగాడు. ఎవరు రమ్మంటే వాళ్ళతో పట్టు పట్టాడు. ఆ తిరుగుళ్ళలోనే మీ మరిది చెప్పిన వంద మంది తగిలారు. దాని గురించి చిత్తూరు నుంచి ఒక తమ్ముడు విడిగా రాశాడు, అక్కడ చెబుతా. చివరకు క్యోటోలో కితానో తెన్‌జిన్ గుడిలో దీక్షలో ఉన్నప్పుడు గాలికి ఊగుతున్న విల్లో కొమ్మల్ని చూసి తన బాణీకి పేరు పెట్టుకున్నాడు: తెన్‌జిన్ షిన్‌యో ర్యూ.

ఆ పేరును విడదీస్తే మీ ఇంటి గొడవ తీరిపోతుంది. తెన్‌జిన్ అంటే ఆ గుడి దేవుడు. ‘షిన్’ రెండో గురువు బాణీ పేరులోది. ‘యో’ మొదటి గురువు బాణీ పేరులోది, అంటే అకియామా గారి చెట్టు. ఇంటిపేరూ అమ్మమ్మ పేరూ కలిపి పిల్లకు పేరు పెట్టినట్టు పెట్టుకున్నాడు. దాచుకోలేదు. నాకు ఆయన మీద గౌరవం కలిగింది ఇక్కడే. సొంత బోర్డు పెట్టగానే గురువు పేరు చెప్పడం మానేసేవాళ్ళను నేను ఈ ఊళ్ళోనే చూశాను.

రెండు గుళ్ళలోనూ దేవుడు ఒకడేనని గమనించారా? తెన్‌జిన్ ఒకప్పుడు మనిషి. సుగవారా నో మిచిజనే అనే పెద్ద పండితుడు, మంత్రి. నింద మోపి 901లో రాజధాని నుంచి దజైఫుకు వెళ్ళగొట్టారు. 903లో అక్కడే పోయాడు. ఆ తర్వాత రాజధానిలో పిడుగులు, చావులు. ఆయన ఆగ్రహమేనని భయపడి గుడి కట్టారు. ఇప్పుడాయన చదువుల దేవుడు. మన పిల్లలు ఈఏపీసెట్ ముందు అలిపిరి మెట్లెక్కినట్టు, అక్కడి పిల్లలు పరీక్షల ముందు ఆయన దగ్గరికి పోతారు. కొట్లాట నేర్పే ఇద్దరు గురువులు పోయి పోయి చదువుల దేవుడి కాళ్ళ దగ్గర కూర్చున్నారన్నమాట. మీ వాడి ప్రాజెక్టులో ఈ ఒక్క ముక్క ఉంటే నేనైతే రెండు మార్కులు ఎక్కువేస్తా.

ఇంతకీ ఆ చెట్ల కథలు జరిగాయా అంటారా? మంచుకు వంగని విల్లోను ఎవరూ చూసి ఉండరు. అది వంగడం జపాన్‌లో ప్రతి రైతూ చూసే ఉంటాడు. మరి రైతులంతా గురువులు కాలేదేం? నా మట్టుకు నాకు అకియామా కథలో చెట్టు కంటే ముందు ముక్కే నిజంగా అనిపిస్తుంది. అదే, శిష్యులు మానేయడం. 1993లో మున్సిపల్ స్కూలు వరండాలో నేను మొదటి బ్యాచ్ పెట్టాను. 22 మంది. అచ్చం పాటియాలా క్రీడా సంస్థ కోచింగ్‌లో మాకు నేర్పినట్టే మూడు వారాలు పడటం తప్ప ఇంకేమీ నేర్పలేదు. నాలుగో వారానికి ఐదుగురు మిగిలారు. వాళ్ళలో ఇద్దరు అన్నదమ్ములు, ఇంటికి తాళం వేసి ఉంటుంది కాబట్టి వచ్చేవాళ్ళు. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. ఏ చెట్టూ కనిపించలేదు. మర్నాటి నుంచి పడటాన్ని ఆటగా మార్చాను: పులి, మేక, వల. పిల్లలు తిరిగొచ్చారు. మూడును 303 చేయాల్సిన అవసరం అకియామాకు ఎక్కడ పుట్టిందో నాకు ఆ నాలుగో వారంలో అర్థమైంది.

ఇసోకు కూడా అంతే. పన్నెండు పదమూడేళ్ళ సాధన, ఆ తర్వాత రోడ్డు మీద తిన్న దెబ్బలు. చెట్టు దగ్గరికి వచ్చేసరికి పని చాలా వరకు అయిపోయింది. చెట్టు పేరు పెట్టింది.

ప్రశ్న: ఒక్కడే వంద మందిని కొట్టాడంటే నమ్మమంటారా సార్? మా హాస్టల్‌లో దీని మీద పందెం నడుస్తోంది.
(డిగ్రీ విద్యార్థి, చిత్తూరు)

జవాబు: ముందు పందెం డబ్బులు ఎవరివి వాళ్ళకు ఇచ్చేయండి. ఒక్కడు కాదు తమ్ముడూ, ఇద్దరు. పక్కన నిషిమురా అనే శిష్యుడు ఉన్నాడు. వీడియోలు తీసేవాళ్ళు శిష్యుణ్ణి ఎప్పుడూ కోసేస్తారు.

జరిగింది కుసాత్సులో. జపాన్‌లో ఆ పేరుతో వేడినీళ్ళ ఊటల ఊరు ఇంకొకటి ఉంది, అది కాదు. ఇది బివా సరస్సు దగ్గర, తొకైదో, నకసెందో అనే రెండు పెద్ద బాటలు కలిసే చోటు. మన రేణిగుంట జంక్షన్ అనుకో. నాలుగు దిక్కుల జనం దిగి, తిని, పడుకుని పోయే చోట రౌడీ మూకలు ఉండటం వింత కాదు. ఎవరినో కాపాడబోయి గురుశిష్యులిద్దరూ వంద మందికి పైగా ఉన్న గుంపుతో తలపడి తరిమేశారని ఆ బాణీ వాళ్ళు చెప్పుకుంటారు. వంద అన్న అంకెను నేను పట్టుకుని కూర్చోను. మా తాత ఊరి జాతర కొట్లాట గురించి చెప్పినప్పుడల్లా ఎదుటివాళ్ళు పదేసి మంది పెరిగేవాళ్ళు.

అంకె వదిలేయ్. ఆ రోజు ఆయనకు ఏం తెలిసిందన్నది చూడు. మీ హాస్టల్ వరండాలోనే చేసి చూడొచ్చు, మెల్లగా. ఒకడి కాలరు, మోచెయ్యి పట్టుకో. విసరాలంటే నీ రెండు చేతులూ వాడి మీదే ఉండాలి. నీ వీపు తిప్పాలి. నీ బరువు ఒక కాలి మీదికి రావాలి. ఒకడే ఉంటే ఇదంతా బ్రహ్మాండంగా కుదురుతుంది. ఇప్పుడు రెండోవాడిని నీ వెనక నిలబెట్టు. వాడేం చేయనక్కర్లేదు, నీ చొక్కా పట్టుకుంటే చాలు. నీ విద్య అంతా ఆగిపోయింది కదా?

ఇసో నేర్చుకున్న బాణీల్లో పట్లు, మడతలు, విసుర్లు దండిగా ఉన్నాయి. గుంపులో అవి చాలవు. ఒక్క దెబ్బ, మర్మస్థానంలో, కొట్టి పక్కకు జరగాలి. ఆ దెబ్బను వాళ్ళు ‘ఆతెమి’ అంటారు. కుసాత్సు తర్వాత ఆయన తన బాణీలో దానికి పెద్ద పీట వేశాడు. మొత్తం 124 పట్లుగా కూర్చాడు. అకియామా 303 అన్నాడు, ఈయన 124కు దించాడు. దించడం ఎక్కించడం కంటే కష్టం. నాకు సిలబస్ కమిటీలో కూర్చున్న అనుభవం ఉంది, ఒక్క ఆసనం తీసేయాలంటే మూడు మీటింగులు.

తర్వాత ఆయన ఎదోకు, అంటే ఇప్పటి టోక్యోకు, చేరి కందా దగ్గర ఒతమగైకే అనే పేటలో శిక్షణశాల పెట్టాడు. ఆ పేటలోనే చిబా షుసాకు అనే గొప్ప కత్తి గురువు పాఠశాల కూడా ఉండేది. ఇసోకు 5,000 మందికి పైగా శిష్యులని చెబుతారు. 1863లో పోయాడు. ఇంకో ఐదేళ్ళు బతికి ఉంటే సమురాయ్‌ల ప్రభుత్వం కూలిపోవడం చూసేవాడు.

ప్రశ్న: జుజుత్సు అసలు చైనాదేనని మా జిమ్ ట్రైనర్ అంటాడు. నిజమేనా?
(పాఠకుడు, శ్రీకాళహస్తి)

జవాబు: ఈ మాట జపాన్‌లోనే పుట్టింది. 17వ శతాబ్దంలో చైనా నుంచి వచ్చి స్థిరపడ్డ చిన్ గెంపిన్ అనే ఆయన ఎదోలోని ఒక గుడిలో ముగ్గురు సమురాయ్‌లకు నేర్పాడని, అక్కడి నుంచే అంతా మొదలైందని చెప్పుకునేవాళ్ళు. జూడో పెట్టిన కానో జిగోరో 1880ల చివర్లో ఒక ఇంగ్లిషు వ్యాసంలో దీన్ని కొట్టిపారేశాడు. ఆయన వాదన తేలికే: గెంపిన్ రాకముందే ఇక్కడ పట్లు నేర్పే బాణీలుంటే ఆయన మూలపురుషుడెలా అవుతాడు? తకెనోఉచి ర్యూ 1532లోనే మొదలైందని వాళ్ళ పత్రాలున్నాయి. ఇప్పటి ఒకాయామా జిల్లాలో ఒక చిన్న కోట దొర పెట్టినది. ఆయన గుడి దగ్గర చెట్టును కర్రకత్తితో బాదుతూ సాధన చేస్తుంటే, ఒక కొండ సన్యాసి వచ్చి, ఇంత పొడుగు దేనికని దాన్ని రెండు ముక్కలు చేశాడట. చూశారా, అక్కడా గుడే, చెట్టే. కాకపోతే ఈ చెట్టు దెబ్బలు తిన్న రకం.

మీ ట్రైనర్‌ది పూర్తిగా తప్పని కూడా అననక్కర్లేదు. అకియామా తన మూడు పట్లు చైనాలోనే నేర్చుకున్నాడని పైన చెప్పాను కదా.

ప్రశ్న: మాది పుత్తూరు. ఎముక విరిగితే రాష్ట్రాలు దాటి మా ఊరికి వస్తారు. జపాన్‌లో కూడా ఎముకలు కట్టేవాళ్ళంతా కుస్తీ గురువులేనని మా అల్లుడు అన్నాడు. నవ్వొచ్చింది గానీ, నిజమా?
(పాఠకుడు, పుత్తూరు)

జవాబు: సార్, మీ అల్లుడికి ఈసారి పండక్కి మంచి బట్టలు పెట్టండి. అందరూ కాదు గానీ, చాలా వరకు నిజం. మీ ఊరి పేరు చూడగానే నా ఎడమ చెయ్యి ఒకసారి తడుముకున్నాను. కారణం చివర్లో చెబుతా.

జపాన్‌లో 1871లో సంస్థానాలు పోయాయి. 1876లో కత్తి పెట్టుకుని తిరగకూడదన్నారు. సంస్థానాల్లో జీతం మీద జుజుత్సు నేర్పే గురువులు ఒక్కసారిగా రోడ్డున పడ్డారు. కొత్త కాలం వాళ్ళకు అది మోటు విద్య. పిల్లల్ని పంపేవాడు లేడు. అయితే వాళ్ళకు ఇంకో విద్య ఉంది. రోజూ పట్టి మడిచేవాడికి కీలు ఎక్కడ జారుతుందో, ఎలా ఎక్కించాలో తెలియకపోతే శిక్షణశాల నడవదు. అకియామా 28 పద్ధతులు అందులో భాగమే. ఇసో బాణీలో కూడా కొట్టే దెబ్బతో పాటు దాని విరుగుడూ నేర్పేవాళ్ళు. ఆ విరుగుడే ఇప్పుడు అన్నం పెట్టింది. పట్నంలో ఎముకలు కడతామని బోర్డులు వెలిశాయి.

1877లో కానో జిగోరో టోక్యోలో కొత్తగా యూనివర్సిటీలో చేరిన కుర్రాడు. సారా వ్యాపారం చేసే కలిగిన కుటుంబం. మనిషి మాత్రం ఐదడుగుల రెండంగుళాలు, బక్క ప్రాణం. హాస్టల్లో పెద్ద పిల్లల చేతిలో దెబ్బలు తిని తిని, ఎలాగైనా జుజుత్సు నేర్చుకోవాలని పట్టు పట్టాడు. గురువులు ఎక్కడున్నారో తెలియదు. అప్పుడు ఆయన చేసిన పని నాకు భలే నచ్చుతుంది: ఎముకలు కట్టే బోర్డు కనిపించిన చోటల్లా లోపలికి పోయి, ‘మీకు జుజుత్సు వచ్చా?’ అని అడిగాడు. కొందరు రాదన్నారు, కొందరు వచ్చినా నేర్పమన్నారు. చివరకు యాగి తెయినొసుకే అనే ఆయన దొరికాడు. ఆయన నేర్చుకున్నది తెన్‌జిన్ షిన్‌యో ర్యూ. ఇంట్లో చోటు లేదని ఫుకుదా హచినొసుకే అనే ఇంకో గురువు దగ్గరికి పంపాడు. ఆ ఫుకుదా గారూ ఎముకలు కట్టేవాడే. నిహోన్‌బాషి పేటలో ఆయన వైద్యం చేసే గది పక్కనే చాపలు పరిచిన చిన్న గది.

అక్కడ ఒక సంగతి జరిగింది, కానోనే తర్వాత చెప్పుకున్నాడు. ఫుకుదా ఆయన్ను ఒక విసురు విసిరాడు. కానో లేచి, చెయ్యి ఎలా పెట్టారు, కాలు ఎలా తిప్పారని అడిగాడు. ఫుకుదా రమ్మని మళ్ళీ విసిరాడు. మళ్ళీ అడిగితే మళ్ళీ విసిరాడు. నోటి పాఠం లేదు. ఆ రోజుల్లో కానో ఒంటి నిండా పూత మందులే, పక్కన కూర్చున్నవాళ్ళు వాసనకు ముక్కు మూసుకునేవాళ్ళు. ఆ గదిలో ఆయన వేసుకున్న చిరుగుల చొక్కాను, తర్వాత ఆయనే పెట్టిన జూడో శిక్షణశాల కోదోకన్‌లో ఇప్పటికీ దాచారు.

ఫుకుదా 1879లో పోయాడు. కానో ఇసో మసతోమో దగ్గర చేరాడు. మన మతాఎమోన్ గారి బాణీకి మూడో పెద్ద. ఆయనా 1881లో పోయాడు. ఆ తర్వాత కితో ర్యూ అనే ఇంకో బాణీని ఇయికుబో త్సునెతోషి దగ్గర నేర్చుకుని, 1882లో ఎయిషోజి గుడిలో 12 చాపల గదిలో కోదోకన్ మొదలుపెట్టాడు. జపాన్ చాప మన అడుగుల్లో ఆరు, మూడు. 12 చాపలంటే 18 అడుగులు, 12 అడుగులు. మీ ఇంటి హాలంత. ఈ రోజు ఒలింపిక్స్‌లో చూస్తున్న జూడో ఆ హాల్లోంచి వచ్చింది, ఆ హాలుకు దారి ఎముకలు కట్టేవాడి బోర్డు. ఇసో లాగే ఈయనా రెండు బాణీలు కలిపాడు. కొర్లగుంట అమ్మ గారు ఈ ముక్క కూడా మీ వాడికి చదివి వినిపించండి.

ప్రభుత్వం 1920లో జుజుత్సు, జూడో గురువుల ఈ వైద్యానికి లైసెన్సు పరీక్ష పెట్టింది. ఇప్పటికీ అక్కడ విడిగా ఆ చదువుంది, కనీసం మూడేళ్ళు. పాసైనవాళ్ళ పట్టాలో జూడో అన్న మాట ఉంటుంది.

ఇక నా చెయ్యి సంగతి. 1986లో, పాటియాలా నుంచి వచ్చిన కొత్తలో, మా స్కూలు గ్రౌండులో పిల్లలకు పడటం ఎలాగో చూపిస్తున్నాను. చూపించే ఉత్సాహంలో నేనే చెయ్యి ఆనించి పడ్డాను. పడేటప్పుడు చెయ్యి ఆనించకూడదన్నదే ఆ రోజు పాఠం. మోచేతికి మణికట్టుకు మధ్య ఒక ఎముక విరిగింది. మా నాయన ఇంకో మాట లేకుండా మీ ఊరి బస్సెక్కించాడు. వడమాలపేట దాటే దాకా నొప్పి కంటే సిగ్గే ఎక్కువ, పాఠం చెబుతూ విరగ్గొట్టుకున్నానని ఎవరితో చెప్పేది?

అక్కడ పెద్దాయన నా మొహం చూడలేదు. చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, బొటనవేలితో ఎముక పొడుగునా మెల్లగా నడిచాడు. ఒక చోట వేలు ఆగింది. ‘ఏం పని చేస్తావు నాయనా?’ అన్నాడు. పిల్లలకు కుస్తీ నేర్పుతా అన్నాను. జూడో అంటే అప్పట్లో ఎవరికి తెలుసు. ‘పట్టడం నేర్పు, పడటం కూడా నేర్పు’ అంటూనే లాగాడు. టక్కుమంది. నాకు కళ్ళు బైర్లు కమ్మాయి. ఆకు పసరు, గుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు, పైన గుడ్డ. తిరుగు బస్సులో నా పక్క సీటు రేణిగుంట దాకా ఖాళీగానే ఉంది, ఆ వాసనకు.

చెయ్యి అతికింది. ఇప్పుడైతే నా దగ్గర ఏ పిల్లాడికి దెబ్బ తగిలినా ముందు ఎక్స్‌రే తీయిస్తాను. ఎముక చర్మం చీల్చుకు వచ్చినా, వేళ్ళు చల్లబడినా నేరుగా పెద్దాసుపత్రికే. కట్టు సంగతి తర్వాత. మీ ఊరివాళ్ళు కూడా ఇప్పుడు ఎక్స్‌రే పట్టుకు రమ్మంటున్నారని విన్నాను, మంచిదే.

పాటియాలాలో మాకు కానో గురించి చెప్పారు గానీ, ఎముకలు కట్టేవాడి సంగతి చెప్పలేదు. చాలా ఏళ్ళ తర్వాత అది చదివినప్పుడు, ఆ బొటనవేలు నా చేతి మీద నడిచినట్టే అనిపించింది.

ప్రశ్న: మా పాపకు ఆరేళ్ళు. జూడోలో చేర్పించవచ్చా? భయంగా ఉంది.
(ఒక తండ్రి, పలమనేరు)

జవాబు: చేర్పించండి బాబూ. మీ ఊళ్ళో మాస్టారు ఎవరైనా సరే, మొదటి రోజు పోయి ఒక మూల కూర్చుని చూడండి. ఆయన మొదటి నెల పడటం నేర్పుతుంటే ఉంచండి. వచ్చీ రాగానే విసరడం నేర్పుతుంటే పాపను తీసుకుని ఇంటికి రండి. పంపేటప్పుడు గాజులు, కమ్మలు తీసేయండి, గోళ్ళు కత్తిరించండి. జడ గట్టిగా వేసి రబ్బరు బ్యాండు పెట్టండి, క్లిప్పులు వద్దు. ఇంటికొచ్చాక మంచం మీద పల్టీలు కొడుతుంది. వారం రోజులు ఓర్చుకోండి.